పర్దా దాటి వేసిన లైను

మొన్న ఆదివారం మలక్‌పేట హోటల్లో మా పాత ఆఫీసు వాళ్లం ముగ్గురం కలిశాం. మోకాళ్ల నొప్పులతో నేను మెట్లెక్కలేనని కిందనే కూర్చున్నాం. అప్పట్లో ఇంటింటికీ వైరు లాగి ఇంటర్నెట్ ఇచ్చిన చిన్న కంపెనీ మాది. ఆ రోజుల గురించి మా కంపెనీ సార్ ఒక పుస్తకం వేయిస్తారట, పనిచేసినవాళ్లందరూ రెండేసి పేజీలు రాసివ్వాలట. నేను ఐదో తరగతితో బడి మానేసినదాన్ని, సరుకుల చీటీ తప్ప ఇంకేదీ రాసి ఎరగను. తప్పులుంటే మీరే సర్దుకుని చదవండి.

నేను ఆ ఆఫీసులో ఊడ్వడానికి, టీ పెట్టడానికి చేరాను. సార్ కోస్తా నుంచి వచ్చి, ఒక మేడ మీద ఒకే గదిలో కంపెనీ పెట్టారు. ఉన్న ఒక్క ఫ్యానూ మిషన్ల వైపే తిప్పి ఉండేది, మేమంతా చెమటలు తుడుచుకుంటూ పనిచేసేవాళ్లం. లైన్ పని చూసే భాయ్ పాతబస్తీలోనే పుట్టి పెరిగినవాడు, నన్ను అక్కా అని పిలిచేవాడు.

పాతబస్తీలో గౌలిపుర దాటి లోపలి గల్లీల్లో మాకొక చిక్కు ఉండేది. మధ్యాహ్నం పూట ఆ ఇళ్లలో మగవాళ్లు ఉండరు, గుమ్మానికి పర్దా వేసి ఉంటుంది, భాయ్ ఆ పక్క గల్లీ మనిషే అయినా లోపలికి అడుగు పెట్టేవాడు కాదు. లైన్ పోతే సాయంత్రం దాకా ఆగాల్సిందే. ఒకరోజు, అందరూ ఖాలా, అంటే పిన్నమ్మ, అని పిలిచే ఒక పెద్దామె ఇంట్లో లైన్ పోయింది. ఆమె కూతురు కాలేజీ సీటు కోసం ఫారం ఆ మధ్యాహ్నమే పంపాలి. ఏం చేయాలో తోచక భాయ్, చీపురు పట్టుకుని ఉన్న నన్ను స్కూటర్ మీద ఎక్కించుకుని తీసుకుపోయాడు. నేను పర్దా లోపల, తను గల్లీలో.

"అక్కా, డబ్బా మీద లైట్ ఎట్లుంది?"

"కొట్టుకుంటుంది భాయ్, దొంగతనం చేసినోని గుండె లెక్క."

"మజాక్ తర్వాత జేద్దువు. వైరు గుంజి మళ్ల పెట్టు."

"టక్కుమని సప్పుడు రాలే."

"వచ్చేదాంక నూకు! గుడ్డు గాదు పలగనీకి."

ఖాలా నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "ఆహిస్తా బోల్నే బోలో ఉసే, పూరీ గల్లీ సున్‌రై" అంది, మెల్లగా మాట్లాడమను, గల్లీ అంతా వింటోంది అని. ఫారం వెళ్లిపోయింది. ఆ పిల్ల నా రెండు చేతులూ పట్టుకుని వదల్లేదు.

అప్పటి నుంచి ఆ గల్లీల ఆడవాళ్లు ఫోన్ చేసి అక్కనే పంపమనేవాళ్లు. ఏడాది తిరిగేసరికి భాయ్ బయట నిలబడి అరిచే పని లేకపోయింది. వైరు కోసి, లోపలి ఎనిమిది సన్న వైర్లను రంగుల వరుసలో పేర్చి, చివర ప్లగ్గు నేనే బిగించేదాన్ని. ఇంగ్లీషు రాకపోయినా రంగులకు ఏం అడ్డం! పొద్దున ఊడ్చి, మధ్యాహ్నం గల్లీలు తిరిగి, సాయంత్రం వచ్చి కప్పులు కడిగేదాన్ని. జీతం మాత్రం ఊడ్చే మనిషిగానే వచ్చేది, అడగాలని కూడా తోచలేదు.

తర్వాత ఒక పెద్ద కంపెనీ మమ్మల్ని కొనుక్కుంది. లైన్ పని చేసేవాళ్లను ఉంచుకుంటారు, మిగతావాళ్ల సంగతి తెలీదు అని భాయ్ ముందే నా చెవిన వేశాడు. వాళ్ల మనిషి టై కట్టుకుని వచ్చి ఇంగ్లీషు ఫారాలు బల్ల మీద పరిచాడు.

"ఏమ్మా, నీ పేరు లైన్ పనిలో రాసేదా?" అని సార్ నన్ను అడిగారు.

ఆ ఫారం నింపమంటారేమో, అందరి ముందూ చదవమంటారేమో అని రెండడుగులు వెనక్కి వేశాను.

"వద్దు సార్, ఊడ్చే పనిలనే రాయుండ్రి."

"ఏందక్కా గిది!" అని భాయ్ గొణిగాడు. నెల తిరగకుండానే భాయ్‌కి కొత్త కంపెనీ చొక్కా వచ్చింది, నన్ను రావద్దన్నారు. తర్వాత ఇరవై ఏళ్లు బడిపిల్లలకు అన్నం వండాను. ఎవరినీ ఏమీ అనలేను, ఆ మాట అన్నది నా నోరే.

మొన్న హోటల్లో ఆ ముచ్చటే వచ్చింది. "నేనైనా రెండోసారి అడగాల్సిందమ్మా" అన్నారు సార్, చాయ్ కప్పులోకి చూస్తూ.

"పదిసార్లు అడిగినా గదే అంటుండె సార్" అన్నాడు భాయ్. "పదిమంది ఖాలాలకు భయపడలే గానీ ఒక్క కాయితానికి దడిసింది."

ఇద్దరూ నవ్వారు. నేనూ నవ్వాను. బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక మాత్రం ఒళ్లంతా అలసిపోయినట్టు అనిపించింది.

ఇప్పుడు నెట్ అందరి చేతుల్లోని ఫోన్లలోనే ఉంది. దాని కోసం ఎవరూ ఎవరి గుమ్మం తొక్కనక్కర్లేదు, లోపల కూర్చోబెట్టి చల్లటి నీళ్లిచ్చి, ఇంట్లో సంగతులు చెప్పుకునేవాళ్లూ లేరు. పేజీ పైన పేరు, దాని పక్కన చేసిన పని రాయాలని సార్ చెప్పారు. మూడు రోజులు పేరు ఒక్కటే రాసి ఊరుకున్నాను. ఈ పొద్దున పక్కన లైన్ పని అని రాశాను. ఇప్పుడు రాస్తే ఉద్యోగమేమీ రాదు, ఆ గల్లీల్లో ఇప్పుడు ఆ పనే లేదు. అయినా కొట్టేయలేదు.