పెట్టె మీద పాదాలు

శవపెట్టెను కాళ్ళతో తొక్కి నీళ్ళలో ముంచడం మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే, పోయినవారు ప్రశాంతంగా నిద్రిస్తున్నారన్న మాట మీ నోట ఇంత తేలిగ్గా ఎలా వస్తోంది?

నేను చూశాను. మా మేనత్త భర్తను పాతిపెట్టిన రోజున. భీమవరానికి దిగువన, చుట్టూ రొయ్యల చెరువులున్న ఊరు మాది. పేట చివర క్రైస్తవుల సమాధుల తోట ఉంది. తోట అని పేరే గాని చెట్టన్నది లేదు. మూడు వైపులా చెరువు గట్లు మనిషెత్తున లేచాయి, మధ్యన పళ్ళెంలా ఆ కాస్త నేల మిగిలింది. నా చిన్నప్పుడు అక్కడి నీరు ఒక మురుగు బోదె గుండా కాలవలోకి పోయేది. చెరువులు తవ్వినప్పుడు ఆ బోదెను పూడ్చి దాని మీదుగా గట్టు వేశారు. అప్పటినుంచి అక్కడ గొయ్యి తవ్వితే నుయ్యి తవ్వినట్టే.

ఆ రోజు ఇంజను పెట్టి నీళ్ళు తోడించారు. ఇంజను ఆగి, పాస్టరుగారి ప్రార్థన పూర్తయ్యేసరికి మళ్ళీ ఊరాయి. తాళ్ళతో పెట్టెను దించారు. అది దిగలేదు, తేలింది. తేలి, ఒక పక్కకు ఒరిగి, గోతి అంచుకు టక్కున కొట్టుకుంది.

"ఆయనకి తగిలిందేమో చూడండ్రా!" అంది అత్త.

ఎవరూ ఆమె వైపు చూడలేదు. ఇద్దరు మనుషులు గోతిలోకి దిగి పెట్టె మూత మీద నిలబడ్డారు. "తలవైపు తొక్కరా, అటు లేచిపోతోంది!" అని ఒకరు, "మట్టి వెయ్యండెహె, చూస్తారేంటి!" అని ఒకరు. ఆ అరుపులు బయటికి వినపడకుండా పాస్టరుగారు పాట అందుకోమని సైగ చేశారు. ఆడవాళ్ళు గొంతెత్తారు. కాళ్ళు బురదలో, పాట పరలోకపు బంగారు వీధుల్లో.

తర్వాత ఇంటి దగ్గర ఆదరణ కూడిక పెట్టారు. పోయినవారిని తలుచుకుని ప్రార్థన చేసి భోజనాలు పెట్టే కూడిక అది. "మనం పాతిపెట్టింది వట్టి మట్టినేనండి. ఆయన ఇక్కడ లేరు, మహిమలో ఉన్నారు," అన్నారు పాస్టరుగారు. అందరూ ఆమెన్ అన్నారు. అత్త కూడా అంది. విస్తళ్ళు ఎత్తాక నన్ను పెరట్లోకి పిలిచింది.

"ఒరే అబ్బాయ్, ఆయన పక్కనే నన్నూ పెట్టండి. కానీ నన్ను తొక్కనివ్వకురా."

అంతే అడిగింది.

నాకు పరలోకం మీద నమ్మకం లేదు. ఉందని నిరూపించమని కొవ్వూరు నుంచి తుని దాకా వేదికలెక్కి అడిగినవాణ్ణి. అత్తనూ వదల్లేదు. ఒకసారి ఆమె అరుగు మీద చింతచిగురు బాగుచేసుకుంటుంటే వాదనకు కూర్చున్నాను.

"అక్కడ రోజంతా ఏం చేస్తారత్తా? పాటలేనా?"

"నాకేం తెలుసురా? వెళ్ళొచ్చానేంటి?"

"తెలియనిచోటికి వెళ్తానని ఇంత ధీమా ఏంటి మరి?"

"మీ మావయ్యది ఏటి అవతల లంకలో ఊరు. పెళ్ళికి ముందు చూశానా? ఆయన రేవులో ఉంటాడన్నారు, పడవెక్కాను." చిగురులో పుల్ల ఏరి నా మీదికి విసిరింది. "ఉన్నాడు కదా. ఇదీ అంతే."

రేవు అవతలి లంక నుంచి మనుషులు వస్తూ పోతూ ఉంటారు, పరలోకం నుంచి ఎవరూ రాలేదు అన్నాను. "నువ్వు గెలిచావులే, ఈ గిన్నె లోపల పెట్టు," అంది. ఇవాళ్టికీ ఆ వాదనలో నాదే సరైన మాట అనుకుంటాను. కానీ ఆమె ఆశ ఎవరి నీటిదారినీ మూయలేదు.

మూసినవాడు చెరువుల ఆసామి. బోదె తెరిపించమని గ్రామ సచివాలయంలో అర్జీ పెట్టాను. గట్టు పట్టా భూమిలో ఉందన్నారు. బోదె అంతకు ముందే ఉందంటే, చూస్తామన్నారు. పాస్టరుగారిని మాట్లాడమంటే, "మంచి మనిషండి, మనకి సాయం చేస్తున్నారు," అన్నారు. ఆ సాయం ఏమిటో కొన్నాళ్ళకు తెలిసింది. సమాధుల తోటకు ఆసామి తన ఖర్చుతో సిమెంటు ద్వారం కట్టించాడు. రెండు వైపులా దేవదూతలు, పైన నీలిరంగులో 'పునరుత్థాన ద్వారం' అన్న అక్షరాలు.

దాని ప్రారంభం సమాధుల పండుగ రోజున పెట్టారు. ఏటా ఆ రోజు అందరూ తమవాళ్ళ సమాధులకు సున్నం వేసి, పూలు చల్లి, కొవ్వొత్తులు పెడతారు. మావయ్య సమాధి ఉన్నచోట నీళ్ళు నిలిచి ఉన్నాయి. అత్త కొవ్వొత్తిని కొబ్బరిచిప్పలో నిలబెట్టి ఆ నీళ్ళ మీద వదిలింది. ఆసామి రిబ్బను కత్తిరించగానే అందరూ చప్పట్లు కొట్టారు. అత్త ముందుకు వెళ్ళింది.

"ద్వారం బాగుందండి బాబుగారూ. లోపలికి ఈదుకుంటూ వెళ్ళాలాండి?"

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. పాస్టరుగారు, "మామ్మగారు సరదాగా అంటారండి," అంటూ అడ్డుపడ్డారు.

ఆసామికి కోపం రాలేదు. వచ్చినా బాగుండేది. నవ్వుతూ, "మీకు పరలోకం ఉంది కదా మామ్మా, ఇంకా ఈ మట్టితో ఏం పని?" అన్నాడు.

"పరలోకం దేవుడి చేతిలో ఉందండి, ఆయన్ని అడుగుతాను. బోదె మీ చేతిలో ఉంది. అందుకని మిమ్మల్ని అడుగుతున్నాను."

ఒక్కరు కూడా ఆమెన్ అనలేదు. పాస్టరుగారు మైకు తీసుకుని పాట మొదలుపెట్టారు.

ఈ సంగతి మా హేతువాదుల సమావేశంలో చెప్పాను. ఒక మిత్రుడు చెయ్యి ఊపి, "చచ్చాక శవానికి తడైతేనేం, పొడైతేనేం? ఇది మన సమస్య కాదు," అన్నాడు. పరలోకం ఉంది కనుక మట్టి అక్కర్లేదని ఆసామి, పరలోకం లేదు కనుక అక్కర్లేదని మావాడు. ఆస్తికుడూ నాస్తికుడూ ఇంత చక్కగా ఏకమైన విషయం నేను మరొకటి చూడలేదు. పెట్టె మూత మీద ఆ ఇద్దరు మనుషులే కాదు, మేమంతా నిలబడి ఉన్నాం.

శవానికి తెలియదు, ఒప్పుకుంటాను. బతికున్న మనిషికి తెలుసు. మా అత్త ఇప్పుడు మంచం దిగడం లేదు. ఆయాసం మాట కూడా పూర్తికానివ్వదు. వర్షం పడిన రోజున మాత్రం కళ్ళు తెరిచి, "తోటలోకి నీళ్ళొచ్చాయేంట్రా?" అని అడుగుతుంది. మావయ్య రేవులో ఉంటాడన్న విషయంలో ఆమెకు రవ్వంత బెంగ లేదు. ఆమె బెంగంతా తన మీద ఎవరు నిలబడతారోనని.

పరలోకం ఉందో లేదో మీరూ నేనూ తర్వాత తేల్చుకుందాం, వేదిక నేనే వేయిస్తాను. ముందు మీ ఊరి సమాధుల తోటకు వెళ్ళండి. కొవ్వొత్తి వద్దు, గునపం పట్టుకెళ్ళండి. నేలలో గుచ్చి చూడండి. నీరు ఊరితే, ఆ నీటిదారి ఎవరు మూశారో కనుక్కుని, పదిమందీ కలిసి వాళ్ళ గుమ్మం ముందు నిలబడండి. తెరిచేదాకా కదలకండి. మా ఊరికి దగ్గరలో ఉన్నవాళ్ళు పార తీసుకుని మా తోటకే రండి. పాట తర్వాత పాడవచ్చు. మా అత్త బతికుండగానే రండి.