వించి బండి అండాలు

కొత్తకోట పల్లీల మిల్లులో ఆ రోజుల్లో ఒక మిల్ట్రీ లారీ ఉండేది. యుద్ధం ముగిశాక సర్కారు వేలం వేసిన బండ్లలో అదొకటి. దాని ముందు బంపరు మీద ఇనుప తాడు చుట్టిన డ్రమ్ము ఒకటి బిగించి ఉండేది. ఇంజను బలంతోనే ఆ డ్రమ్ము తిరిగి, తాడు కొసన ఏది కట్టినా మెల్లగా తన వైపు ఈడ్చుకునేది. దాన్ని అందరూ వించి అనేవారు. ఆ లారీని నడిపినవాడు భిక్షం. కానీ ఆత్మకూరు దారిలో, మక్తల్ రేగళ్లలో బండ్లు తోలిన పాత డ్రైవర్లను అడిగితే భిక్షం కన్నా ముందు అతని భార్య పేరు చెబుతారు. అండాలక్క చెయ్యెత్తితేనే తాడు కదిలేది అంటారు.

అండాలుది నారాయణపేట. నడక నేర్చిన నాటి నుంచి మగ్గాల మధ్యే పెరిగింది. పొద్దున్నే వీధి పొడుగునా పడుగు సాచి గంజి పెడుతుంటే, ఆమె నూలు మీద వేళ్లు ఆనిస్తూ నడిచేది. ఎక్కడ పోగు తెగిందో, ఎక్కడ వదులైందో చూపుడువేలే చెప్పేది. భిక్షం వాళ్లదీ మగ్గం ఇల్లే. యుద్ధకాలంలో నూలు దొరక్క మగ్గం గుంట ఖాళీగా ఉన్నప్పుడు అతను పటాలంలో చేరి, లారీలు నడపడం నేర్చుకుని వచ్చాడు. వచ్చాక మళ్లీ మగ్గంలో కూర్చోబుద్ధి కాలేదు. మిల్లు సేటు ఆ మిల్ట్రీ లారీని కొనగానే దాని స్టీరింగు చక్రం ముందు కూర్చున్నాడు. పెళ్లయిన కొత్తలో అండాలు అతనికి సద్ది పట్టుకుని మిల్లుకు పోయి, ఆ డ్రమ్మును చాలాసేపు చూసి, "గిది మా దోనె లెక్కనే ఉన్నది గద. బట్ట చుట్టేది మాది, బండ్లు చుట్టేది మీది" అన్నదట. భిక్షం ఆ మాట మిల్లులో అందరికీ చెప్పుకుని నవ్వాడు.

నాలుగైదేళ్లు అతని పేరు మోగిపోయింది. ఎక్కడ బండి దిగబడినా కబురు వచ్చేది. తర్వాత ఒక వానాకాలం, పత్తి బేళ్లతో ఉన్న లారీ ఒకటి రేగడిలో ఇరుసుల దాకా కూరుకుపోయింది. చుట్టూ జనం. ఒకడు లాగమంటే ఒకడు ఆపమన్నాడు. ఎవరి మాట వినాలో తెలియక భిక్షం ఇంజను నడుస్తుండగానే కిందికి దిగి చూడబోయాడు. అప్పుడే తాడు తెగింది. తెగిన కొస కొరడాలా తిరిగొచ్చి అతని మోకాలి కింద ఎముకను విరిచేసింది.

మహబూబ్‌నగర్ దవాఖానలో పట్టీ కట్టించుకుని పడుకున్నన్ని దినాలు అతనొక్క మాటే అనుకున్నాడు: మళ్లీ తాడు ముట్టను. కాలు అతికింది, కొంచెం కుంటు మిగిలింది. లారీ నడిపాడు, పల్లీలు మోశాడు. వించి సంగతి ఎవరెత్తినా లేచి అవతలికి పోయేవాడు.

సేటు హైదరాబాదు నుంచి కొత్త తాడు తెప్పించి డ్రమ్ముకు చుట్టించాడు. దాన్ని వాడినవారు లేరు. అండాలు మాత్రం అప్పుడప్పుడు మిల్లుకు పోయి, ఆ తాడును బారలు బారలుగా విప్పి, పాత గుడ్డతో తుడిచి, నూనె పట్టించి మళ్లీ చుట్టించేది. గుడ్డ ఎక్కడైనా పట్టుకుందంటే అక్కడ ఇనుప పోగు లేచిందన్నమాట. అలాంటిది ఒక్కటీ ఇంకా రాలేదు.

"వాడనిదానికి గంత సేవ ఎందుకే?" అని అత్త నర్సింగమ్మ విసుక్కునేది. "కోక నిండ నూనె మరకలు."

"మగ్గం ఖాళీగుంటే తుడుస్తలేమా అత్తా? గిది గూడ గంతే" అనేది అండాలు.

భర్తతో ఆమె ఎప్పుడూ వించి మాట ఎత్తలేదు. అతని భయం ఆమెకు తెలుసు. అది ఎప్పటికీ ఉంటుందని మాత్రం ఆమె అనుకోలేదు.

అరవై ఒకటో సంవత్సరమో, ఆ మరుసటేడో, శ్రావణంలో ఒక మధ్యాహ్నం సమితి జీపు డ్రైవరు ఇస్రాయేలు బురద కాళ్లతో, ఎవరిదో సైకిల్ తొక్కుకుంటూ మిల్లు దగ్గరికి వచ్చాడు. భిక్షం, అండాలు లారీ నీడలో కూర్చుని తింటున్నారు.

"అన్నా, జీపు వాగుల దిగబడ్డది" అన్నాడు ఇస్రాయేలు. "సావిత్రమ్మ నర్సమ్మ ఉన్నది, టీకాల మందులున్నయి. మందుల పెట్టెలైతే ఒడ్డుకు చేర్చినం. రెండు జతల ఎడ్లు కట్టి చూసినం. ఎడ్ల కాళ్లే ఉసికెల దిగుతున్నయి. మీదికెల్లి మబ్బు పట్టింది అన్నా. వాగొస్తే జీపు దక్కదు."

భిక్షం చెయ్యి కడుక్కున్నాడు. "నేను వించి పని ఇడిసిపెట్టిన. నీకు తెలుసు గదా."

"తెలుసు. తెలిసే వచ్చిన. ఇంకెవలున్నరు?"

అండాలు సద్దిగిన్నె మూత పెట్టి లేచింది.

"పోదాం పా. బండి నువ్వు చూస్కో, తాడు నేను చూస్కుంట" అన్నది.

"నువ్వా?"

"గన్నేండ్ల సంది తుడుస్తున్న. గా తాడు నా కంటే ఎక్కువ ఎవలికి ఎరుక?"

సేటు ఊళ్లో లేడు. గుమాస్తాకు చెప్పి, అండాలు గోడౌన్లోంచి ఖాళీ గోనెసంచులు, గొలుసు, ఒక ఇనుప కప్పి లారీలోకి ఎత్తించింది. భిక్షం ఇంకా నిలబడే ఉన్నాడు. ఆమె ఎక్కి కూర్చున్నాక చాలాసేపటికి అతనూ ఎక్కి ఇంజను వేశాడు.

ఆత్మకూరు వైపు నుంచి వస్తూ జీపు నడి వాగులో ఆగిపోయింది. వెనక చక్రాలు ఇసుకలో మునిగి, ముక్కు కొత్తకోట ఒడ్డు వైపు కొద్దిగా లేచి ఉంది. చీలమండ లోతు నీళ్లు పారుతున్నాయి. పడమట ఆకాశం నల్లగా ఉంది. ఒడ్డున నర్సమ్మ మందుల పెట్టెల మీద గొడుగు పట్టుకుని నిలబడింది. గొర్రెలు కాసే గాలయ్య, ఇంకొందరు ఊరివాళ్లు పారలతో చక్రాల ముందు ఇసుక తీస్తున్నారు. తీసినంత మళ్లీ నిండుతోంది.

గట్టి నేల చూసి భిక్షం లారీని జీపుకు ఎదురుగా ఆపాడు. అండాలు దిగి చుట్టూ చూసింది. ముందు లారీ వెనక భాగాన్ని గొలుసుతో ఒడ్డునున్న వేపచెట్టు మొదలుకు కట్టించింది. లేకపోతే జీపు ఇటు రావడానికి బదులు లారీయే అటు జారిపోతుంది. ముందు చక్రాలకు అడ్డంగా రాళ్లు పెట్టించింది. తర్వాత డ్రమ్ము నుంచి తాడు లాగించుకుంటూ నీళ్లలోకి దిగింది. తాడును తిన్నగా జీపుకు కట్టలేదు. జీపు ముందర కప్పిని తగిలించి, దానిలోంచి తాడు తిప్పి, కొసను మళ్లీ లారీ కొక్కేనికే కట్టించింది. అలా చేస్తే జీపు నిదానంగా వస్తుంది, కానీ తాడు మీద బరువు సగమే పడుతుంది. ఇదంతా భిక్షం పాత రోజుల్లో చేసినదే. బండ్లు దిగబడ్డ చోటికి సద్ది తెచ్చినప్పుడల్లా ఆమె చూసిందే.

"సంచులు తడిపి ఇయ్యి గాలయ్యా" అని ఆమె తడి గోనెసంచులను తాడు మీద అక్కడక్కడ వేసింది. ఒకవేళ తాడు తెగినా ఆ బరువుకు కిందనే పడుతుంది, గాలిలో లేవదు. అప్పుడు జనం వైపు తిరిగింది.

"అందరు గా గడ్డ మీదికి పోర్రి. తాడుకు ఎదురుంగ ఎవలు నిలవడొద్దు. ఎవలు మాట్లాడొద్దు. నేనొక్కదాన్నే చెయ్యి చూపిస్త. నా చెయ్యి పైకి లేస్తే లాగుడు, పిడికిలి పడితే ఆపుడు."

ఇస్రాయేలు జీపులో కూర్చుని చక్రం పట్టుకున్నాడు. అండాలు తాడుకు దూరంగా, భిక్షానికి కనబడేలా పక్కన నిలబడి చెయ్యెత్తింది.

లారీ ఇంజను మోగుతూనే ఉంది. డ్రమ్ము తిరగలేదు.

ఆమె ఇంకోసారి చెయ్యెత్తింది. భిక్షం కదల్లేదు. ఆమె చెయ్యి దించి లారీ దగ్గరికి నడిచి వచ్చింది. అతని రెండు చేతులూ చక్రాన్ని పట్టుకుని ఉన్నాయి. మెడ మీద చెమట కారుతోంది.

"తాడు బిగుసుకునే సప్పుడు యాదికొస్తాంది" అన్నాడు అతను, బయట ఎవరికీ వినపడకుండా. "కాలు క్లచ్చి మీదికెల్లి లేస్తలేదు."

"గట్లైతే తాడు దిక్కు చూడకు" అన్నది అండాలు. "నా చెయ్యినే చూడు. తాడు సంగతి నాకిడిసిపెట్టు. గా రోజు నీకు చెప్పేటోళ్లు పదిమంది ఉండిరి. ఇయ్యాల నేనొక్కదాన్నే ఉన్న. నువ్వు దిగొద్దు, అంతే."

అతను ఆమె ముఖంలోకి చూశాడు. తలూపాడు. ఆమె తిరిగి తన చోటికి పోయి నిలబడింది. చెయ్యెత్తింది.

ఈసారి డ్రమ్ము తిరిగింది. భిక్షం క్లచ్చి ఒక్కసారిగా వదిలాడేమో, మొదట ఒక్క కుదుపుతో అందుకుంది. తాడు నీళ్లలోంచి లేచి గట్టిపడింది. వెనక గొలుసు బిగుసుకుని వేపచెట్టు బెరడు కిర్రుమన్నది. జీపు ముక్కు వంగింది. తర్వాత వెనక చక్రాల చుట్టూ ఇసుక విచ్చుకుని, జీపు మూరెడు ముందుకు వచ్చింది. గడ్డ మీద ఎవరో కేకవేయబోయి ఊరుకున్నారు.

అప్పుడే పైనుంచి నురుగు కొట్టుకొచ్చింది. ఎర్రనీళ్లు. చీలమండ లోతున్నవి పిక్కల దాకా లేచాయి.

"వాగొస్తాంది" అన్నాడు గాలయ్య. "లాగుర్రి, జల్ది లాగుర్రి."

అదే సమయంలో అండాలుకు కప్పి దగ్గర కర్రుమని చిన్న రాపిడి వినిపించింది. నీళ్ల చప్పుడులో ఇంకెవరికీ పట్టలేదు. ఆమె పిడికిలి బిగించింది. డ్రమ్ము ఆగింది.

"ఎందుకాపినవ్ అక్కా?" ఇస్రాయేలు జీపులోంచి అడిగాడు. నీళ్లు జీపు మెట్టును తాకుతున్నాయి.

"తాడు కప్పి గాడిల లేదు. పక్క రేకుకు తట్టుకున్నది. ఇంకింత లాగితే తెగుతది."

మొదటి కుదుపుకే తాడు గాడి తప్పి ఉండాలి. గడ్డ మీది జనం ఇక ఊరుకోలేదు. లాగమని ఒకరు, జీపు వదిలేసి మనిషిని బయటికి రమ్మని ఒకరు. అండాలు అటు చూడలేదు. లారీ వైపు అరచెయ్యి నేలకు చూపింది, వదులు చెయ్యమని. జనం ఎంత అరుస్తున్నా భిక్షం ఆ చెయ్యినే చూస్తున్నాడు. డ్రమ్ము వెనక్కి తిరిగింది, తాడు నీళ్లలోకి వాలింది.

ఆమె గాలయ్య దగ్గర గడ్డపార తీసుకుని, కోక కుచ్చిళ్లు పైకి దోపుకుని, పిక్కల లోతు ఎర్రనీళ్లలో జీపు ముందుకు పోయింది. నీళ్ల ఊపుకు ఒకసారి తూలి జీపు బంపరు పట్టుకుంది. ఇస్రాయేలు దిగి కప్పిని ఎత్తి పట్టాడు. ఆమె గడ్డపార మొనతో తాడును రేకు సందులోంచి తప్పించి గాడిలోకి నెట్టింది. రాసుకున్న చోట వేళ్లతో తడిమి చూసింది. ఒకటి రెండు పోగులు లేచాయి, అంతే. మిగతా తాడు గట్టిగానే ఉంది.

"ఎక్కి కూసో తమ్మీ. ఇగ ఆగేది లేదు" అన్నది.

ఒడ్డుకు వచ్చి, తన చోట నిలబడి, ఊపిరి తిప్పుకుని చెయ్యెత్తింది. ఈసారి భిక్షం కుదుపు లేకుండా క్లచ్చి వదిలాడు. తాడు నెమ్మదిగా బిగిసింది. డ్రమ్ము తిరిగింది, తిరుగుతూనే ఉంది. జీపు నీళ్లను రెండుగా చీల్చుకుంటూ ముందుకు వచ్చింది. ముందు చక్రాలు గట్టి నేల ఎక్కాయి. తర్వాత వెనకవి. వేప నీడలోకి వచ్చేదాకా ఆమె చెయ్యి దించలేదు.

వాళ్లు తాడు చుట్టుకునే లోపే వాగు రెండు ఒడ్లూ నిండి పారింది. నర్సమ్మ సావిత్రమ్మ వచ్చి అండాలు చెయ్యి పట్టుకుంది. అప్పుడు చూస్తే ఆ అరచేతిలో ఇనుప పోగు గీరి నెత్తురు కారుతోంది. మందుల పెట్టె తెరిచి అక్కడే కట్టు కట్టింది. భిక్షం లారీ దిగి, కుంటుకుంటూ వచ్చి, పక్కన నిలబడ్డాడు.

"నొస్తాందా?" అని అడిగాడు.

"లేదు" అన్నది అండాలు. "నువ్వు రెండోసారి మంచిగ ఇడిసినవ్ క్లచ్చి."

అతను నవ్వాడు. వించి దగ్గర నిలబడి అతను నవ్వడం చాలా ఏళ్లకు చూసింది ఆమె.

మూడు వారాలు తిరగకముందే మక్తల్ దారిలో ఎవరిదో లారీ కూరుకుపోయిందని కబురు వచ్చింది. అండాలు మగ్గంలో ఉంది. ఇంటి ముందు లారీ హారను మోగింది. భిక్షం కిటికీలోంచి తల బయటపెట్టి, "వస్తవా? నువ్వు లేంది నేను తాడు ఇప్ప" అన్నాడు. అత్త నర్సింగమ్మ ఆడది రోడ్ల మీద నిలబడడమేమిటని గొణిగింది గానీ, సద్ది మాత్రం ఇద్దరికీ కట్టి ఇచ్చింది. కొన్నాళ్లకు దారిన పోయేవాళ్లను ఆపి కోడలు వాగులోంచి జీపు తీసిన కథ చెప్పడం మొదలుపెట్టింది ఆమే. ఆమె కథలో వాగు మనిషి లోతు ఉండేది.

తర్వాత ఏడెనిమిదేళ్లు ఆ ఇద్దరూ కలిసి చాలా బండ్లు తీశారు. బస్సులు, రాళ్ల లారీలు, ఒకసారి పెళ్లివాళ్ల వ్యాను. ఒక్క మనిషికి గాయం కాలేదు. ఆమె ఎప్పుడూ తొందరపడలేదు. జనం గడ్డ మీదికి పోయేదాకా చెయ్యెత్తేది కాదు, ఎంత పెద్దవాళ్లున్నా సరే.

దారులు బాగుపడ్డాక వించి పని తగ్గింది. సేటు ఆ లారీని ఇనుప సామాన్లవాడికి అమ్మేశాడు. భిక్షం మిల్లు కొత్త లారీ ఎక్కాడు. అండాలు తిరిగి పొద్దంతా మగ్గంలో కూర్చున్నది. అయినా ఊళ్లో ఎవరైనా బావిలోకి ఆయిలింజను దించాల్సి వస్తే ఆమెకు కబురు పెట్టేవారు. ఆమె నేసే నాడెను పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని పోయేది. బావి ఒడ్డున మోకులు పట్టుకున్న మగవాళ్లందరూ మాటలు ఆపి ఆమె వైపు తిరిగేవారు. ఆమె ముందు మోకును ఆ కొస నుంచి ఈ కొస దాకా తడిమి చూసేది. ఆ తర్వాత అరచెయ్యిని మెల్లగా నేలకు దించేది. ఇంజను అంతే మెల్లగా బావిలోకి దిగేది.