బీరువా మామ వంగిన రోజు

ఆయనకు కన్నవాళ్ళు పెట్టిన పేరు ఏదో ఉండే ఉంటుంది. ఇళ్ళ సామాను మార్చేవాళ్ళలో ఎవర్ని అడిగినా మాత్రం బీరువా మామ అనే చెప్తారు. కుర్రతనంలో ఒకసారి లిఫ్టులో పట్టని ఇనప బీరువాను వీపుకు పట్టా కట్టుకుని ఒక్కడే నాలుగో అంతస్తుకు మోసుకెళ్ళాడట. నిజానికి అది రెండో అంతస్తు, బీరువా కూడా ఖాళీది. ఈ సంగతి మామే స్వయంగా చెప్తాడు, ఎవరూ వినిపించుకోరు. గొప్ప ఒకసారి అంటుకుంటే గోకినా పోదు మరి.

ఆ పనిలో కొత్తగా చేరినవాడికి మామ మొదటిరోజే ఒక పాఠం చెప్తాడు. "ఊపిరి బిగబట్టు, నడుం బిగించు, ఆ తర్వాతే చెయ్యి వెయ్యి." ఈ మూడూ చెయ్యనివాడు సోఫా మీద చెయ్యి వేస్తే మామ నోటికి అడ్డూ అదుపూ ఉండదు. బరువు మోసేవాళ్ళకు అది మంచి పాఠమే, కాదనను. చిక్కెక్కడొచ్చిందంటే, ఈయన దాన్ని బరువుతో పాటు దించడం మరిచిపోయాడు.

రెండేళ్ళ కిందట ఒక ఫ్రిజ్ దించుతుంటే మామ నడుము కలుక్కుమంది. డాక్టరు స్కానింగ్ చూసి, "డిస్కు అరిగిందండీ" అన్నాడు. ఆ ఒక్క మాట మామ బుర్రలో మేకులా దిగబడిపోయింది. మందులు అయిపోయినా మేకు అలాగే ఉండిపోయింది. అప్పట్నుంచి నడుముకు వెడల్పాటి బెల్టు కట్టి, నిద్రలో కూడా విప్పకుండా, పగుళ్ళిచ్చిన కుండను మోస్తున్నవాడిలా బతకడం మొదలెట్టాడు. చెంచా కింద పడితే ముందు ఊపిరి బిగబట్టేవాడు, తర్వాత నడుము బిగించేవాడు, అప్పుడు గోడ పట్టుకుని కర్రలా సగం వరకు వంగి, "ఏమే, ఇటురా!" అని భార్యను కేకేసేవాడు. చెంచా బరువెంతో ఆ దేవుడికే తెలియాలి.

పనిలోకి వెళ్ళేవాడు గానీ చెయ్యి వేసేవాడు కాదు. వ్యాను పక్కన నిలబడి, "ఎడమకు తిప్పు, గోడకు తగలనీకు, నీ కళ్ళు ఇంట్లో పెట్టొచ్చావా" అని అరిచేవాడు. అది కూడా పనే అనుకోండి.

అసలు బాధ అది కాదు. వాళ్ళది మూడో అంతస్తు, లిఫ్టు లేదు. మామ తల్లికి మోకాళ్ళు అరిగిపోయి మెట్లు దిగలేదు. నడుము బాగున్నన్నాళ్ళూ సాయంత్రం కాగానే ఆవిణ్ణి చంటిపిల్లలా రెండు చేతుల మీదా ఎత్తుకుని కిందికి తెచ్చేవాడు. రోడ్డుకు అవతల, కింది వాటాలో ఆవిడ చెల్లెలు ఉంటుంది. ఆమెకు గుండె జబ్బు, మెట్లెక్కితే ఆయాసం. అక్కాచెల్లెళ్ళిద్దరూ ఆ గుమ్మం ముందు కుర్చీలు వేసుకుని, రోడ్డున పోయేవాళ్ళందరికీ వంకలు పెట్టుకుంటూ చీకటిపడేదాకా కూర్చునేవాళ్ళు. ఫ్రిజ్ దెబ్బతో అది కాస్తా ఆగిపోయింది. తర్వాత అంతా ఫోన్లోనే. "ఫోన్లో మొహం చూస్తే మొహం చూసినట్టా? దాని ముక్కు పుటాలు తప్ప ఏమీ కనబడవు" అని ముసలావిడ విసుక్కునేది.

మామ దగ్గర పనిచేసేవాళ్ళు, "మేం దింపుతాం మామ్మా, మాకది పెద్ద పనా?" అన్నారు. ఆవిడ ఒప్పుకుంటేగా!

"ఎవడు పడితే వాడు మోసుకుపోవడానికి నేనేమన్నా సోఫానా? నా కొడుకు దింపితే దిగుతాను. లేకపోతే ఇక్కడే ఉంటాను."

ఈమధ్య చెల్లెలు ఆస్పత్రిలో ఉండి, సగం మనిషై తిరిగొచ్చింది. ఆ రోజు ముసలావిడ బాల్కనీలో నిలబడి ఆటోలోంచి చెల్లెల్ని దించడం చూసింది. కేకేస్తే చెల్లెలికి వినబడలేదు. లోపలికొచ్చి కొడుకుతో ఒకే మాట అంది.

"అది పోయాక దింపుతావురా నన్ను?"

మామకు ఆ రాత్రి అన్నం దిగలేదు. అమ్మను ఎత్తుకోగలనా అన్నది కాదు ఆయన భయం. మెట్ల మధ్యలో నడుము మళ్ళీ కలుక్కుమంటే, చేతుల్లోంచి అమ్మ జారిపోతే? తెల్లారగానే భార్యను వెంటబెట్టుకుని ఫిజియోథెరపీకి వెళ్ళాడు.

అక్కడున్న మేడం చిన్నపిల్ల, కూతురీడుది. మామను బాబాయ్ అని పిలిచింది. బెల్టు విప్పించి, నడుముకు అటూ ఇటూ జిగురు బిళ్ళలు అంటించి, వాటి వైర్లు ఒక పెట్టెకు తగిలించింది. కండరం పనిచేస్తుంటే ఆ పెట్టె గుర్రుమంటుంది, పని మానేస్తే ఊరుకుంటుంది.

"ముందు పిన్నిది చూద్దాం" అని భార్యకూ అంటించింది. ఆవిడ వంగుతుంటే పెట్టె గుర్రుమంది. చేతులు నేలకు వేలాడేలా పూర్తిగా వంగేసరికి చప్పుడు టక్కున ఆగిపోయింది.

"చూశారా? పూర్తిగా వంగాక నడుం కండరాలు పని దింపేస్తాయి. ఆ కాసేపూ ఎముకల్ని కట్టి ఉంచే పట్టీలే బరువు చూసుకుంటాయి."

"పోన్లే, ఆ ఇంట్లో నా నడుముకైనా కాస్త విశ్రాంతి దొరుకుతోంది" అంది భార్య, మొగుణ్ణి ఓరగా చూస్తూ.

మామ వంతు వచ్చింది. ఊపిరి బిగబట్టాడు, నడుము బిగించాడు, వంగాడు. పెట్టె గుర్రుమంటూనే ఉంది. వంగగలిగినంత వంగినా ఆగలేదు.

"అదీ! ఆగిందా? నాది మామూలు నడుం కాదు" అన్నాడు, నొప్పిలోనూ మీసం మీద చెయ్యేసుకుని.

మేడం నవ్వేసింది. "అదే చిక్కు బాబాయ్. మీ పైకండరాలు రెండేళ్ళుగా డ్యూటీ దిగలేదు. నిద్రలో కూడా బెల్టు కట్టించి కాపలా పెట్టారు. లోపల వెన్నుపూసల్ని అంటిపెట్టుకుని చిన్న కండరాలుంటాయి. వాటికేమో పని చెప్పడమే మానేశారు. అందరి నొప్పీ ఇలాగే ఉండదు, మీది మాత్రం ఇదే అనిపిస్తోంది."

"మరి అరిగిందన్నారుగా?"

"అరగడం అంటే విరగడం కాదు. మీ వయసులో ఎంతోమందికి అరుగుతుంది. చాలామందికి ఆ సంగతే తెలీదు."

మామకు ఆ మాట ఎక్కలేదు. తనది విరిగిన నడుమని రెండేళ్ళు నమ్మినవాడు ఒక్కపూటలో ఎలా నమ్మకం మార్చుకుంటాడు?

వ్యాయామాలు మొదలయ్యాయి. నాలుగు కాళ్ళ మీద నిలబడి ఒక చెయ్యీ ఒక కాలూ చాపడం, ఇసుక సంచీ బల్ల మీంచి తీసి మళ్ళీ బల్ల మీద పెట్టడం, కొన్నాళ్ళకు స్టూలు మీంచి, ఆ తర్వాత నేల మీంచి. ఒక వారం బాగుంటే ఇంకో వారం పట్టేసేది. బలం వస్తోంది గానీ పెట్టె మాత్రం నోరు మూయడం లేదు. "ఊపిరి వదలండి బాబాయ్" అని మేడం మొత్తుకునేది. వదిలేవాడు. సంచీ మీద చెయ్యి పడగానే మళ్ళీ బిగబట్టేవాడు. పాతికేళ్ళ అలవాటు, పొమ్మంటే పోతుందా?

ఒకరోజు బిళ్ళలు అంటించుకుని నిలబడి ఉండగా భార్య వచ్చింది.

"ఇందాక విప్పి నీకిచ్చిన నా బెల్టు ఏదే?" అన్నాడు.

"పారేశాను."

"పారేశావా? ఎవర్ని అడిగి పారేశావ్?"

"నా చేత చెంచాలు ఏరించేటప్పుడు నన్నడిగారా?"

మాటకు మాట పెరిగింది. ఆ ఊపులో ఆవిడ చేతి సంచీ జారి కింద పడింది. "నా నొప్పి నీకేం తెలుసు? పడేది నేను! అడిగేవాడు లేడనుకుంటున్నావా..." అంటూనే మామ వంగి సంచీ అందుకున్నాడు. పెట్టె టక్కున ఊరుకుంది.

మామ తిట్టడం ఆపి పెట్టె వైపు చూశాడు. వెంటనే అది గుర్రుమంది.

"ఆపకండి, తిట్టుకోండి!" అని మేడం ఎగిరి గంతేసినంత పని చేసింది. "మాట్లాడేవాడు ఊపిరి బిగబట్టలేడు బాబాయ్! మీ మందు మీ నోట్లోనే ఉంది!"

"ఆ మందుకు మా ఇంట్లో కరువేం లేదమ్మా" అంది భార్య.

ఇలా కొన్నాళ్ళు పోట్లాడుకుంటూ బరువులెత్తాక మేడం, "మీ నడుము సిద్ధంగా ఉంది, మీరే ఒప్పుకోవాలి" అంది. మామ ఇంటికొచ్చి తల్లి ముందు నిలబడ్డాడు.

"అమ్మా, దిగుదామా?"

ముసలావిడ ఏమీ అడగకుండా చెప్పులు వేసుకుంది. భార్య ముందే వెళ్ళి మెట్ల మలుపుల్లో కుర్చీలు వేసొచ్చింది. చెల్లెలి గుమ్మం ముందు కూడా ఒకటి వేసింది. మామ రెండు చేతుల మీదా తల్లిని ఎత్తుకున్నాడు. మొదటి మెట్టు దగ్గరే ఊపిరి బిగుసుకుంది. కోడలు అత్తగారికి చెప్పాల్సింది ముందే చెప్పి ఉంచింది.

"ఏరా, గడ్డం గీసుకోవడానికి తీరిక లేదా? గుచ్చుకుంటోంది!" అని మొదలుపెట్టింది ఆవిడ.

"ఇప్పుడా అమ్మా?"

"ఇప్పుడే. పదో క్లాసులో లెక్కల పరీక్షకు ఎందుకెళ్ళలేదో ఇంతవరకూ చెప్పలేదు. చెప్పు!"

"జ్వరమొచ్చిందని చెప్పాగా!"

"సినిమాకెళ్ళావు! నీ అబద్ధాలు నాకు తెలీవనుకున్నావా, దున్నపోతా!"

మొదటి మలుపులో ఆగారు, రెండో మలుపులో ఆగారు. నడుములో అక్కడక్కడ కాస్త లాగింది గానీ పట్టేయలేదు. మెట్టు మెట్టుకూ తిట్టు, తిట్టు తిట్టుకూ సంజాయిషీ. పక్కవాటాల వాళ్ళు ఏదో కొంప మునిగిందని తలుపులు తీసి చూశారు. రోడ్డు దాటేటప్పుడు కూడా ఆవిడ నోరు ఆపలేదు.

చెల్లెలు గుమ్మంలో కూర్చుని ఉంది. అక్కను చూసి లేవబోయింది, లేవలేక చెయ్యి చాపింది. మామ తల్లిని కుర్చీలో కూర్చోబెట్టడానికి వంగాడు, పూర్తిగా వంగాడు. ఆవిడ బరువు కుర్చీ మీదికి దిగింది. ఆయన మాత్రం లేవలేదు.

"ఏమైందిరా? పట్టేసిందా?" ముసలావిడ గొంతు మారిపోయింది.

"లేదమ్మా. ఏమీ అవలేదు. ఏమీ అవ్వట్లేదు."

చేతులు వేలాడేసి, తల ఆవిడ ఒళ్ళో ఆనించి అలాగే ఉండిపోయాడు. రెండేళ్ళలో మొదటిసారి నడుములో చప్పుడు లేదు. పెట్టె లేకుండానే తెలుస్తోంది.

"చాలా భయమేసిందమ్మా" అన్నాడు.

"నాకు వెయ్యలేదనుకున్నావా? భయం ఆపుకోలేకే అంత తిట్టాను." ఒక చెయ్యి చెల్లెలి చేతిలో పెట్టి, రెండో చెయ్యి కొడుకు నడుము మీద వేసింది. "ఉండు, తొందరేం లేదు. పైకెక్కేటప్పటికి నేనూ కొత్త తిట్లు వెతుక్కోవాలి."