పంటు మీంచి మాట్లాడిన రోజు

స్టీలు సామాను మీద పేర్లు చెక్కించే అలవాటంటే నాకు పడదు. అక్షరాల సందుల్లో చింతపండు పిప్పి చేరుతుంది. ఎంత తోమినా పోదు. పైగా చెక్కేవాడు తనకొచ్చిన చదువును బట్టి చెక్కుతాడు. మా పెళ్లికి వచ్చిన బిందె మీద మామగారి ఇంటిపేరులో ఒక అక్షరం తగ్గింది. బతికినంత కాలం ఆయన ఆ బిందెలో నీళ్లు తాగలేదు. అయినా జనం చెక్కిస్తూనే ఉన్నారు, గ్లాసుల దగ్గర్నుంచి గరిటెల దాకా.

అది అలా ఉంచుదాం.

ఎనభైల మొదట్లో నేను రాజమండ్రిలో ఒక కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవాణ్ణి. నాకు హామ్ లైసెన్సు ఉండేది. హామ్ అంటే ప్రభుత్వం అనుమతితో ఇంట్లో ట్రాన్స్‌మిటర్ పెట్టుకుని, ముఖం తెలియని వాళ్లతో వాతావరణం గురించి మాట్లాడే మనిషి. వీధిలో వాళ్లు నన్ను కొన్నాళ్లు గూఢచారి అనుకున్నారు. నా సైకిలు చూసి ఆ అనుమానం మానుకున్నారు.

నేను సొంతంగా చేసిన సెట్టు ఒకటుండేది. స్విచ్ వేసిన మొదటి రోజే అది పొగ రూపంలో మొత్తం చెప్పదలచుకున్నది చెప్పేసింది. ఆ తర్వాత నేను వాడిన సెట్టు మెయిన్ రోడ్డులో ఒక రేడియో షాపు వెనకగదిలో బల్ల మీద పనిచేసే మెకానిక్ చేసినది. పాత రేడియోల ఛాసిస్‌లు విప్పి, కాయిల్స్ తనే చుట్టి, మూడేళ్లు కూర్చుని చేశాడు. దాన్ని వాడటానికి అతనికి లైసెన్సు లేదు. మోర్స్ కోడ్ నాకంటే వేగంగా కొట్టేవాడు గానీ, పరీక్ష ఇంగ్లీషులో రాయాలి. అతని చదువు తొమ్మిదో తరగతి దగ్గర ఆగింది. లైసెన్సు లేనివాడు మైకులో మాట్లాడటం నేరం. అందుకని సెట్టు అతనిది, గొంతు నాది.

ఆ ఏడు హామ్‌ల సంఘం వాళ్లు బండి మీద తిరుగుతూ ఆడే పోటీ ఒకటి పెట్టారు. పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా ఎన్ని తాలూకాల్లోంచి ఎంతమందితో మాట్లాడితే అన్ని పాయింట్లు. అందులో విశాఖపట్నం నుంచి ఒక ఇంజనీరుగారు కూడా పాల్గొంటున్నారు. ఆయన కింద ఒక వైర్‌లెస్ వర్క్‌షాపు ఉంది. చేత్తో సెట్లు చేయగల మనిషి కావాలని ఆయన అంతకుముందు రేడియోలో అందరికీ చెప్పారు. "సర్టిఫికెట్లు నాకొద్దు, పని వినిపించండి చాలు" అన్నారు. ఉద్యోగంతో పాటు క్వార్టర్సు కూడా ఇస్తారట.

మెకానిక్ ఈ పోటీకి వచ్చింది అందుకే. పాయింట్లు అతనికి అక్కర్లేదు.

"ఆయన దొరగ్గానే సెట్టు చేసింది నేనని చెప్పండి మాస్టారూ. నా పేరు, షాపు పేరు. అంతే చాలండి" అన్నాడు బయల్దేరేటప్పుడు.

"చెప్పక దాచుకుంటానేంటయ్యా?" అన్నాను.

అతని భార్య నాలుగు గిన్నెల క్యారేజీ తెచ్చి కారులో పెట్టింది. "మాస్టారండీ, ఆ క్వార్టర్సులో కొళాయి ఇంట్లోనే ఉంటదంటారా?" అని అడిగింది. ఉంటుందన్నాను. నేనెప్పుడూ చూడలేదు.

మామగారి పాత అంబాసిడర్‌లో ముందు సామర్లకోట వెళ్లి, ఆరింటికి అక్కణ్ణించి మొదలుపెట్టాం. వెనక బంపర్‌కి వెదురు కట్టి, దాని పొడవునా ఏరియల్ వైరు చుట్టాడు మెకానిక్. ఇంజను నడుస్తుంటే చెవిలో వేరుశెనక్కాయలు వేయిస్తున్నట్టుండేది, అందుకని ప్రతి తాలూకాలోనూ బండి ఆపి మాట్లాడాలి. నేను మాట్లాడి, ఎవరితో ఎప్పుడు మాట్లాడానో లాగ్ పుస్తకంలో రాసేవాణ్ణి. అతను కిందకి దిగి వెదురు పట్టుకుని నిలబడేవాడు. ఆత్రేయపురం దగ్గర కారు చుట్టూ మూగిన జనం మమ్మల్ని కుటుంబ నియంత్రణ ప్రచారం వాళ్లనుకుని, రెండో మాట వినకుండా వెళ్లిపోయారు.

ఎండ నడినెత్తికి వచ్చేసరికి సఖినేటిపల్లి రేవులో, బండ్లని గోదావరి దాటించే పంటు మీదకి కారుతో సహా ఎక్కాం. అవతలి ఒడ్డు నరసాపురం. చుట్టూ నీళ్లు, కారు ఇంజను ఆపి ఉంది, పంటు పక్కన కట్టిన లాంచీ ఇంజను కూడా మర్యాదగా కొట్టుకుంటోంది. సెట్టు అంతకుముందెప్పుడూ అంత బాగా వినిపించలేదు. చేపల బుట్ట పక్కన కూర్చున్న ఒకావిడ వెదురు వంక చాలాసేపు చూసింది.

"ఏంటండీ అది, గేలమా?"

"అవునమ్మా, మనుషులకి" అన్నాడు మెకానిక్.

"పడతన్నారా?"

"పొద్దున్నించి ముప్ఫై రెండు."

"అయితే మావోళ్లకంటే మీరే నయం" అంది.

పంటు మీద అందరూ నవ్వారు. అప్పుడే స్పీకర్లో ఇంజనీరుగారి గొంతు వచ్చింది. లైసెన్సుతో పాటు పేరుకి బదులు ఇచ్చే నా కాల్‌సైన్ పిలిచి, పోటీ లెక్క కోసం నంబరు ఇచ్చి, పోటీ తొందరలో ఎవరూ చేయని పని చేశారు. ఆగి మాట్లాడారు.

"మీరు పక్కగదిలోంచి మాట్లాడుతున్నట్టుంది మాస్టారూ. టోన్‌లో ఎక్కడా గరగర లేదు. పొద్దున్నించి ఇంత మంచి సెట్టు వినలేదు. మీరే చేశారా? ఓవర్."

మెకానిక్ కిటికీ పక్కనే ఉన్నాడు. నాకు అతని చొక్కా, వెదురు పట్టుకున్న చెయ్యి మాత్రమే కనిపిస్తున్నాయి.

"అవునండి సర్. ఓవర్" అన్నాను.

"శభాష్" అన్నారాయన. వెనకే ఇంకెవరో పిలిచారు. నేను జవాబిచ్చాను.

ఎందుకలా అన్నానని చాలా ఏళ్లు ఆలోచించాను. తొందరలో నోరు జారిందని మొదట తేల్చుకున్నాను. లైసెన్సు నాది కాబట్టి చట్టప్రకారం సెట్టూ నాదేనని తర్వాత తేల్చుకున్నాను. అసలు సంగతి ఇంతకంటే చిన్నది. అంతటి మనిషి మెచ్చుకుంటుంటే బాగుంది.

పంటు ఒడ్డుకి చేరాక మెకానిక్ వెదురు వంచి కట్టాడు. "ఆయన మళ్లీ దొరుకుతారాండి?" అని మాత్రం అడిగాడు.

దొరికారు. తాలూకా మారితే అదే మనిషితో మళ్లీ మాట్లాడొచ్చు. పెనుగొండలో గుడి వీధి చివర బండి ఆపితే, సెట్టు వేడెక్కగానే మొదట వినబడింది ఆయనే. సెట్టు మెకానిక్‌దని ఇప్పుడు ఆయనకి చెప్పాలంటే పంటు మీద అన్నది అబద్ధమని కూడా చెప్పాలి.

"సిగ్నల్ చాలా వీక్‌గా ఉందయ్యా" అని డయల్ తిప్పేశాను.

ఆ సెట్టులో ప్రతి కాయిలూ చుట్టిన మనిషికి ఆ మాట చెప్పాను. అతను నా వంక చూడలేదు. క్యారేజీ విప్పి, పులిహోర నాకు ముందు వడ్డించాడు. తనకి ఆకలిగా లేదన్నాడు.

వారం తర్వాత నా మనస్సాక్షికి తీరిక దొరికింది. సెట్టు ఫలానా మెకానిక్ చేశాడని ఇంజనీరుగారికి ఉత్తరం రాశాను. పంటు మీద నేనన్న మాట గురించి రాయలేదు. ఆయన వెంటనే జవాబు రాశారు. సొంతంగా చేసిన పనిని ఒక పేద మెకానిక్ ఖాతాలో వేసి అతనికి ఉద్యోగం ఇప్పించాలనుకోవడం నా గొప్ప మనసుకి నిదర్శనమట. కానీ సిఫారసుతో మనిషిని తీసుకోలేనని, చోటు వేరొకరికి ఇచ్చేశానని రాశారు. సంఘం బులెటిన్‌లో నా వినయం గురించి నాలుగు వాక్యాలు కూడా వేయించారు. పోటీలో మాకు రెండో స్థానం వచ్చింది. చెక్క షీల్డు మీద నా కాల్‌సైన్ ఒక్కటే ఉంది. దాన్ని స్టాఫ్ రూములో పెట్టారు.

నేను రేడియో షాపు వైపు వెళ్లడం మానుకున్నాను. రాజమండ్రిలో మెయిన్ రోడ్డు తప్పించుకు తిరగడం ఎంత కష్టమో అక్కడివాళ్లకి తెలుసు. కొన్ని నెలలకి మామగారు కారు అమ్మేస్తూ డిక్కీ ఖాళీ చేయిస్తే క్యారేజీ బయటపడింది. "వాళ్ల పేరున్న సామాను మనింట్లో ఎందుకండీ, బాగుండదు, ఇచ్చేసి రండి" అని మా ఆవిడ తోమి చేతికిచ్చింది.

అతను షాపులో ఉండే వేళ చూసుకుని ఇంటికి వెళ్లాను. అతని భార్య వీధి కొళాయి దగ్గర బిందెతో వరసలో నిలబడి ఉంది. నన్ను చూసి పక్కకి వచ్చింది. ఆలస్యమైందని, మర్చిపోయానని ఏదో అన్నాను. ఆవిడ క్యారేజీ అందుకుని, మూత తిప్పి, దాని మీద చెక్కిన భర్త పేరు మీద బొటనవేలితో ఒకసారి రాసింది.

"దీని మీద పేరుంది కాబట్టి తిరిగొచ్చిందండీ" అంది.