మా అన్నయ్య తక్కువకు ఆడిన సీజను

ఒప్పందం ముగిసిన ఆటగాడు తనకు నచ్చిన జట్టుకు వెళ్ళవచ్చు. బాస్కెట్‌బాల్‌లో దీన్ని ఫ్రీ ఏజెన్సీ అంటారు. మా అన్నయ్యకు ఆ స్వేచ్ఛ ఒక్కసారే వచ్చింది. అది మా ఇంటి హాల్లో, ఒక ఆదివారం మధ్యాహ్నం, అరటిపళ్ళ పళ్ళెం దగ్గర ముగిసిపోయింది.

మా ఇల్లు మలేషియాలో, కువాలా సెలంగోర్ దగ్గర, పామాయిల్ తోటల అంచున ఉంటుంది. మా ముత్తాతలు శ్రీకాకుళం వైపు నుంచి తోట పనికి వచ్చినవాళ్ళు. నాన్న పామాయిల్ మిల్లులో బాయిలర్ దగ్గర పనిచేసి రిటైరయ్యాడు. మమ్మల్ని చైనీస్ బడిలో వేశాడు, కారణం అది నడిచి వెళ్ళేంత దగ్గరలో ఉండడమే. ఆ బడిలో ఆట అంటే బాస్కెట్‌బాల్. రేకుల కప్పు, సిమెంటు కోర్టు. అక్కడ నేను లెక్కలు పట్టుకున్నాను, అన్నయ్య బంతి పట్టుకున్నాడు. నేను సైబర్‌జయలో సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని అయ్యాను. అతను ఒక చిన్న క్లబ్బులో గార్డ్ అయ్యాడు. బంతిని ముందుకు తెచ్చి, ఎవరికి అందించాలో తేల్చే పని అది.

అతను బంతి అందించేది ఎక్కువగా ఒక్కడికే. జట్టులో సెంటర్, అంటే బుట్ట కింద నిలబడి ఆడేవాడు, బడి రోజుల నుంచి చైనీస్ స్నేహితుడు, మా గుమ్మం దాటాలంటే తల వంచాల్సినంత పొడవు. అమ్మ అతన్ని ‘పొడుగోడా’ అని పిలిచేది. అతనికి వచ్చిన తెలుగు మొత్తం మూడు మాటలు: అన్నం, ఇంకొంచెం, సాలు. మూడోది ఎప్పుడో గానీ వాడేవాడు కాదు.

ఆ ఏడు ఇద్దరి ఒప్పందాలూ ఒకేసారి ముగిశాయి. జొహోర్ వైపు నుంచి ఒక పెద్ద క్లబ్బు అన్నయ్యను అడిగింది. వాళ్ళు ఇస్తామన్నది పాత జీతానికి దాదాపు రెట్టింపు. పాత క్లబ్బు మేనేజరేమో జీతం తగ్గించుకోమన్నాడు. అన్నయ్య తగ్గించుకుంటే, ఆ మిగులుతో జీతం పెంచి సెంటర్‌ని నిలబెట్టుకుంటారట.

శనివారం నేను ఇంటికి వచ్చి నా లెక్క వినిపించాను.

“సూడన్నా. ఒకటి, గార్డ్‌కి మోకాళ్ళు బాగున్నన్నాళ్ళే ఉద్యోగం. రెండు, అమెరికా లీగులో జట్టు జీతాలకి ఒక పరిమితి ఉంటాది. అక్కడ ఒకడు తగ్గించుకుంటే ఆ ఖాళీ ఇంకొకడికి ఎళ్ళిందని కనబడతాది. ఇక్కడ పరిమితి ఏటీ లేదు. తౌకే జేబు ఒకటే ఉంది. మూడు...”

తౌకే అంటే యజమాని. మా వైపు ప్రతి చైనీస్ దుకాణదారూ, మేనేజరూ మాకు తౌకేనే.

“సాల్లేరా, నన్నూ టెస్టింగ్ సేసేస్తన్నావు లా” అన్నాడు అన్నయ్య, ఇక్కడ అందరూ మాట చివర తగిలించే ‘లా’తో. “మూడోది నేను సెప్తాను. ఆడు లేకపోతే నేను బంతి ఎవులికి ఇస్తాను?”

అయినా అన్నయ్య ఇంకా ఏదీ తేల్చుకోలేదు. జొహోర్ వాళ్ళకు చెప్పడానికి వారం గడువుంది. మేనేజరు వస్తే ఆలోచించుకుంటానని చెప్పి పంపేద్దామనుకున్నాడు.

మర్నాడు మేనేజరు కమలాపళ్ళ పెట్టెతో వచ్చాడు. మర్యాదస్తుడు, చెప్పులు గుమ్మం బయటే విడిచాడు. నాన్నకు అర్థం కావాలని మలయ్ భాషలోనే మాట్లాడాడు. “ఒక్క సీజను సర్దుకోండి బాస్. వచ్చే ఏడు మేం చూసుకుంటాం.” అన్నయ్య అనుకున్నట్టే ఆలోచించుకుంటానన్నాడు. మేనేజరు లేచాడు. అమ్మ ఇంటికొచ్చినవాళ్ళకు ఇచ్చినట్టే పళ్ళెంలో రెండు తమలపాకులు, వక్క, పెరటి అరటిపళ్ళు పెట్టి తెచ్చింది. నాన్న ఆ పళ్ళెం అందుకుని రెండు చేతులా ఆయనకు ఇచ్చాడు.

నేను కారు దాకా వెళ్ళాను. “ఈ ఆకులేమిటి?” అని అడిగాడాయన. గౌరవానికి ఇస్తామన్నాను. ఆయన నవ్వి, వాటిని స్టీరింగ్ ముందు పెట్టుకుని, ఒక పండు ఒలుచుకుంటూ వెళ్ళిపోయాడు.

లోపలికి వచ్చేసరికి మాటలు పెరిగాయి.

“అయిపోనాది. నువ్వు జొహోర్ ఎళ్ళడానికి లేదు” అంటున్నాడు నాన్న.

“ఏటి అయిపోనాది?”

“ఆయన పళ్ళు తెచ్చినాడు, మనం తీసుకున్నాం. వచ్చే ఏడు సూసుకుంటానని మాటిచ్చినాడు. నేను తాంబూలం ఇచ్చినాను, ఆయన తీసుకున్నాడు.”

“నాన్నా, ఆయన అరటిపళ్ళు అనుకున్నాడు!”

“తీసుకున్నాడా, లేదా?”

తోటలో మా తాతల నాటి నుంచి పెళ్ళి సంబంధమైనా, ఆవు అమ్మకమైనా, మాట అనుకున్నాక తాంబూలం చేతులు మారితే ఒప్పందం కుదిరినట్టే. చదువు రానివాళ్ళకు అదే సంతకం. ఇద్దరినీ కడుతుంది. నాన్న తన కొడుకును మాత్రమే కట్టాననుకోలేదు, మేనేజరును కూడా కట్టాననుకున్నాడు. కొడుకు వచ్చే ఏడు కూడా భద్రమని ఆయన నమ్మకం.

అన్నయ్య ఆ పూటంతా పెరట్లో తిరిగాడు. సోమవారం జొహోర్‌కు ఫోన్ చేసి రానని చెప్పాడు. నాన్న మాట కోసమే చెప్పాడో, బంతి ఎవులికి ఇస్తానన్న ఆ బెంగతోనే చెప్పాడో నాకు ఇప్పటికీ తెలియదు.

అన్నయ్య తగ్గిన జీతానికి, సెంటర్ అతని పక్కనే, ఒక్కో సీజనుకు పాత క్లబ్బులో సంతకం చేశారు. ఆ సీజను వాళ్ళిద్దరూ ఆడిన తీరు నాకు గుర్తుంది. అన్నయ్య అటు చూస్తూ ఇటు విసిరేవాడు, సెంటర్ చెయ్యి అక్కడ ఉండేది. ఆఖరి మ్యాచుల్లో ఒకదాంట్లో అన్నయ్య ఎగిరి, ఒంటి కాలి మీద దిగాడు. మోకాలు లోపలికి వాలింది. అరుపు వినబడలేదు. బంతి మాత్రం ఒక్కటే గెంతుకుంటూ బయటికి పోయింది. సెంటర్ అతన్ని ఎత్తుకుని కోర్టు దాటించాడు.

ఆపరేషన్ అయింది. ఒప్పందం ముగిసింది. మోకాలి గురించి డాక్టరు గట్టిగా ఏదీ చెప్పలేదు, క్లబ్బు కొత్త ఒప్పందం ఇవ్వలేదు. నాన్న తెల్ల చొక్కా తొడుక్కుని, మమ్మల్నిద్దర్నీ తీసుకుని మేనేజరు ఆఫీసుకు వెళ్ళాడు.

“తౌకే, ఆ రోజు మా ఇంట్లో తాంబూలం తీసుకున్నారు కదా” అన్నాడు మలయ్‌లో.

మేనేజరు నిజంగానే గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాడు. కాసేపటికి ముఖం వెలిగింది. “ఆ అరటిపళ్ళా? చాలా తియ్యగా ఉన్నాయి బాస్!”

నాన్న తల ఊపాడు. లేచి నిలబడ్డాడు. కోపం తెచ్చుకోవడానికి కూడా అక్కడ తప్పు చేసినవాళ్ళు ఎవరూ లేరు. మేనేజరు మోసం చెయ్యలేదు, ఆయనకు తెలియని ఒప్పందం అది. తిరుగు దారిలో కారు నేను నడిపాను.

“మన పెరటి పళ్ళు మెచ్చుకున్నాడు కదా నాన్నా, సాలదేటి?” అన్నాడు అన్నయ్య. నాన్న కిటికీలోంచి తోటల వైపు చూస్తూ ఉండిపోయాడు.

ఆ నెలలోనే సెంటర్ ఇంటికి వచ్చాడు. అదే జొహోర్ క్లబ్బు ఇప్పుడు అతన్ని అడుగుతోంది. అన్నం ముందు కూర్చుని, కలపకుండా చెప్పాడు. తను వెళ్ళడట. పాత క్లబ్బులోనే జీతం తగ్గించుకుంటాడట, ఆ మిగులుతో అన్నయ్యను సహాయ కోచ్‌గా పెట్టుకోమని అడుగుతాడట.

అన్నయ్య కాలు చాపుకుని కుర్చీలో ఉన్నాడు. చైనీస్‌లో గట్టిగానే తిట్టాడు. తర్వాత మెల్లగా, “నువ్వు తగ్గించుకున్నది నా దాకా వస్తుందని ఎవరు చెప్పారు? నేను తగ్గించుకున్నది నీ దాకా వచ్చిందా?” అన్నాడు.

సెంటర్ జీతం కిందటి సీజను ఒక్క రింగిట్ కూడా పెరగలేదు. ఆ సంగతి మాకు అప్పుడే తెలిసింది. అతను కంచం వైపు చూస్తూ తల అడ్డంగా ఊపాడు.

“అయితే వెళ్ళు.”

నా లెక్క సరైనదే. సరైనదై ఏం లాభం? ఆ గదిలో నేను ఎవరి ముఖమూ చూడలేకపోయాను.

అతను లేచే వేళకు అమ్మ అలవాటుగా పళ్ళెం తెచ్చింది. నాన్న అడ్డు వచ్చాడు. పళ్ళెంలోంచి తమలపాకులు, వక్క తీసేశాడు.

“పొడుగోడికి ఆకులొద్దే. ఒట్టి పళ్ళు ఇయ్యి. ఎళ్ళనీ ఆడిని.”

అమ్మ అరటిపళ్ళు అతని చేతుల్లో పెట్టి, ఇంకొన్ని పెట్టింది. అతను ‘సాలు’ అనలేదు. అన్నయ్య భుజం మీద ఒకసారి చెయ్యి వేసి, తల వంచి గుమ్మం దాటాడు.

కారు చప్పుడు తగ్గేదాకా నాన్న ఆ ఆకులు పట్టుకుని నిలబడే ఉన్నాడు. వాటిని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు పళ్ళెం వైపు చూశాడు, అన్నయ్య మోకాలి వైపు చూశాడు.

“ఇలాగియ్యి నాన్నా” అని అన్నయ్య చెయ్యి చాపాడు. ఆకులు మడిచి నోట్లో పెట్టుకుని, కాసేపు నమిలి, ముఖం చిట్లించాడు.

“సున్నం మర్సిపోనావు.”