మామగారి బెల్లం, నా తుఫాను జాగ్రత్తలు

తుఫాను ఇల్లు ముంచడం మీరు చూసే ఉంటారు. తుఫాను ఎక్కడో బంగాళాఖాతంలో దాని పని అది చూసుకుంటుంటే, ఒక మనిషి ఒంటిచేత్తో ఇల్లు ముంచడం మాత్రం చూసుండరు. ఆ ఘనకార్యం నాది. నవ్వొస్తే మొహమాటపడకండి. మా అత్తగారింట్లో ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు.

అప్పటికి నాకు కొత్తగా పెళ్ళయింది. తిరుచానూరులో ఒక లాడ్జికి మేనేజర్ని. వేడినీళ్ళు రాలేదని తెల్లారకముందే తగువుకొచ్చే యాత్రికులను మాటలతోనే చల్లబరిచి పంపేవాణ్ణి కాబట్టి, లోకంలో నాకు చేతకాని పని లేదని గట్టి నమ్మకం. పైగా నెల్లూరులో చదువుకున్నాను. అక్కడొక తుఫాను చూశాను. చూడటమంటే, హాస్టల్లో దుప్పటి ముసుగేసుకుని దాని శబ్దం విన్నాను. పొద్దున లేచి చూస్తే వంటగది రేకులు పక్క వీధిలో ఉన్నాయి. ఆ ఒక్క పూటతో తుఫాను శాస్త్రమంతా ఒంటబట్టిందనుకున్నాను.

తొలి దీపావళికి ఐరాల దగ్గర మా అత్తగారి ఊరికి వెళ్ళాం. పండగైపోయి బయలుదేరబోతుంటే టీవీలో వాయుగుండం అన్నారు, భారీ వర్షాలన్నారు. మా మామ టీవీకే చేతులెత్తి దండం పెట్టాడు.

"రానీ తల్లీ, చెరువు నిండనీ" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. "మామా, వచ్చేది తుఫాను. దండాలు కాదు, జాగ్రత్తలు కావాలి."

"తుపాను మన దాకా యాడొస్తాది అల్లుడూ? గాలంతా సముద్రం కాడనే అయిపోతాది. మనకాడికొచ్చేతలికి ఉత్త వానే."

"నేను నెల్లూరులో చూశాను మామా."

అంతే, మామ నోరు మూతపడింది. నెల్లూరు మీద గౌరవంతో కాదు. కొత్తల్లుడి మాటకు ఎదురు చెప్పకూడదని ఆ ఇంట్లో కట్టుబాటు. అల్లుడు తూర్పుకు తిరిగి ఇదే పడమర అంటే, "అట్లనా, మేమే ఇన్నాళ్ళూ తప్పుగా అనుకుంటిమి" అనే మనుషులు. అంత మర్యాద ఉన్న ఇంట్లోకి నాలాంటివాణ్ణి రానివ్వకూడదు. కానీ అప్పటికే పిల్లనిచ్చేశారు, ఏం చేస్తారు పాపం!

ప్రయాణం మానుకుని తనిఖీ మొదలుపెట్టాను. పెరట్లో రేకుల గది ఉంది. అందులో ఎత్తైన చెక్క మంచె, దాని మీద బెల్లం బస్తాలు. మామ సొంత గానుగలో ఆడించిన బెల్లమది. ధర బాగున్నప్పుడు అమ్మి గానుగకు కొత్త మోటారు పెట్టించాలని దాన్ని కంటికి రెప్పలా కాచుకుంటున్నాడు. పాత మోటారు రోజూ బతిమాలితే తప్ప తిరిగేది కాదు.

"గాలికి ఒక్క రేకు లేచిందంటే ముందు తడిసేది ఈ బెల్లమే. కిందికి దించేద్దాం" అన్నాను.

"మంచె మీదుంటేనే మేలేమో అల్లుడూ..." మామ నసిగాడు.

వెనకనుంచి అత్త కళ్ళెర్రజేసింది. "అల్లుడు అంతగా చెప్తా ఉంటే మధ్యలో నీదేంది?"

బస్తాలన్నీ నేలకు దిగాయి. దగ్గరుండి పేర్పించి, పైన టార్పాలిన్ పట్ట కప్పి తాళ్ళతో బిగించాను. పసిబిడ్డకు దుప్పటి కప్పినంత శ్రద్ధగా కప్పాను. కింద మాత్రం ఏమీ పరవలేదు. వాన పైనుంచి కదా వచ్చేది!

తర్వాత నా చూపు తూము మీద పడింది. పెరటిగోడ అడుగున పిల్లి దూరేంత రంధ్రం, దానికవతల చెరకు తోట.

"తోటలో వరదొస్తే ఇందులోంచే కదా ఇంట్లోకొచ్చేది? మూసేద్దాం."

మామ నోరు తెరిచాడు. అత్త వైపు చూశాడు. నోరు మూసుకున్నాడు.

అడ్డు చెప్పింది ఒక్క నా భార్య సుజాతే. "ఏమండీ, ఆ తూము మా తాత పెట్టించింది. ఊరికే పెట్టించుంటాడా?"

"మీ తాత నెల్లూరు చూశాడా?"

"లేదు."

"మరి?"

ఇటుక ముక్కలు దోపి, సిమెంటు కలిపి, నా చేత్తో నేనే మెత్తాను. పక్కింటి మునిరత్నం గోడ మీదుగా తల పెట్టి, "ఏందప్పా, తూము మూసేస్తా ఉండారా?" అని అడిగాడు.

"మా అల్లుడు నెల్లూరులో సూసినాడంట" అన్నాడు మామ.

మునిరత్నం ఒకసారి తూము వైపు, ఒకసారి తన గేదెల వైపు చూశాడు. "అట్లయితే నా ఎనుముల్ని మెరక మీద కట్టేసుకుంటా" అని వెళ్ళిపోయాడు. అప్పుడైనా నాకు బుద్ధి రాలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టని ఊరికే అంటారు కానీ, నేను చేతులు కాలకముందే ఆకులు పట్టుకుని, వాటికి నిప్పు పెట్టిన రకం.

తెల్లారేసరికి వాన మొదలైంది. గాలి కోసం చూశాను. అరటాకు కూడా కదల్లేదు. వాన మాత్రం ఆకాశానికి అడుగు ఊడినట్టు పడింది. నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అంటారు. ఆ ఇంటికి వీధి ఎత్తు, పెరడు పల్లం. ఆ సంగతి నీటికి తెలుసు, మామకు తెలుసు, మునిరత్నం ఎనుములకూ తెలుసు. మిద్దె మీది నీళ్ళు, వాకిట్లో నీళ్ళు, వీధిలో నీళ్ళు, అన్నీ వరసగా పెరట్లోకొచ్చి, తూము కోసం వెతుక్కుని, కనబడక అక్కడే కూర్చున్నాయి.

నేను గొడుగేసుకుని వెళ్ళి నా సిమెంటు పని చూశాను. చెక్కు చెదరలేదు.

"చూశారా మామా! బయటినుంచి ఒక్క చుక్క రాలేదు!"

మామ పంచె ఎగ్గట్టి మోకాటి లోతు నీళ్ళలో నిలబడి ఉన్నాడు. "రాలేదు అల్లుడూ. ఒక్క సుక్క రాలేదు. ఉండేదంతా మనదే."

అప్పుడే రేకుల గది గడప దాటి ఎర్రటి టీ లాంటి నీళ్ళు బయటికి రావడం మొదలైంది. అత్త వంగి, వేలు ముంచి, నాలుక మీద పెట్టుకుంది.

"తియ్యగా ఉండాది" అంది మెల్లగా.

అందరం మామ వైపు చూశాం. ఆయన మొహంలో కొత్త మోటారు కరిగిపోవడం నాకు కనబడింది. నవ్వులాట కాదు, అప్పుడు నాకు నిజంగా సిగ్గేసింది. భూమి చీలితే బాగుండుననిపించింది, కనీసం ఆ నీళ్ళయినా పోయేవి.

మామ ఉన్నట్టుండి గర్జించాడు. "ఒరే! సూస్తా నిలబడినావేందిరా? గడ్డపార తే!"

ఇల్లంతా బిత్తరపోయింది. అత్త నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ ఇంట్లో అల్లుణ్ణి ఒరే అన్నవాళ్ళు తరతరాల్లో లేరు. నేను గొడుగు పారేసి పరిగెత్తాను. నా సిమెంటు గడ్డపారకు కూడా లొంగలేదు. జన్మలో ఒక్క పని గట్టిగా చేశాను, అది ఇది! నేను పొడుస్తుంటే అవతలినుంచి మునిరత్నం పొడిచాడు. చివరికి ఇటుకలు ఊడి, నీళ్ళన్నీ హోరుమని పోయాయి. చెరకు నుంచి వచ్చింది మళ్ళీ చెరకు తోటకే చేరింది.

అడుగు వరస బస్తాలు గోనె మిగిల్చి పోయాయి. పై వరసలు దక్కాయి. మోటారు ఆ ఏడు రాలేదు. గానుగ ఆడినన్నాళ్ళూ సెలవు దొరికినప్పుడల్లా వెళ్ళి, ఆ పాత మోటారును మామతో కలిసి నేనూ బతిమాలాను.

వాన వెలిసిన మర్నాడే మామ నన్ను కాణిపాకం తీసుకెళ్ళాడు. మా వైపు ఎవరి మాట మీద నమ్మకం లేదో వాళ్ళ చేత అక్కడి వినాయకుడి ముందే ప్రమాణం చేయిస్తారు.

"తూము ముట్టనని చెయ్. మంచె ముట్టనని చెయ్" అన్నాడు మామ.

"నెల్లూరు మాటెత్తనని గూడా చేయించు" అంది అత్త.

మూడూ చేశాను. ఏళ్ళు గడిచాయి, కొత్త మోటారు కూడా వచ్చింది. ఇప్పటికీ టీవీలో వాయుగుండం అనగానే అత్త ఫోను చేస్తుంది.

"అల్లుడూ, యాడుండావు?"

"తిరుచానూరులోనే అత్తా. భయపడకండి, ఇప్పుడే బయల్దేరి..."

"వద్దు నాయనా! ఆడనే ఉండు!"

ఫోను పెట్టెయ్యడం మరిచి ఇంట్లోకి కేకేస్తుంది. "ఏమయ్యో, అల్లుడు రాలేదంట! ఇంక ఎంత తుపానొచ్చినా మనకేం భయం లేదు!"

కాబట్టి, చదివే మీ అందరి సాక్షిగా మళ్ళీ ప్రమాణం చేస్తున్నాను. తూము జోలికి పోను, మంచె జోలికి పోను, మూడోది, ఆ ఊరి పేరు ఈ వాక్యంలో కూడా ఎత్తను. నిజం దేవుడెరుగు. పల్లం మాత్రం ఇప్పుడు నేనూ ఎరుగుదును.