ఉప్పు పిండి చుక్క

ఇయ్యాల నా బిడ్డ క్రిస్మస్ చెట్టుకు బొమ్మలు చేస్తానని మైదపిండిల ఉప్పు కలుపుతాంది. గా తడి పిండి వాసనకు నాకు బెల్లంపల్లి బొగ్గుగని క్వార్టర్ యాదికొచ్చింది.

అక్కడ పెరిగిన దోస్తులారా, మీకు యాదున్నదా? బొగ్గు దుమ్ము ఆరేసిన బట్టల మీద, అన్నం గిన్నెల మీద, ఆఖరికి క్రిస్మస్ చుక్కల మీద గూడ పడేది. మమ్ముల కన్న మా అవ్వ ఉప్పు పిండితోని చుక్కలు చేసి, ఒక్కో దాని మీద ఒక్కో పిల్లతోని బొటనేలు ఒత్తిచ్చి, బొగ్గుల పొయ్యి పక్కన ఆరవెట్టేది. ఏటేటా గవే చుక్కలు కిటికీకి కట్టేటోళ్లం.

ఒక యాడాది వానకాలంల మా చిన్న చెల్లె జ్వరంతోని పోయింది. పండుగకు అవ్వ చుక్కలు దాసిన రేకు డబ్బా తీస్తే, చెల్లె వేలిముద్ర ఉన్న చుక్క దుమ్ముకు నల్లగైంది. తెల్లగ చేస్తే అవ్వ సంబురపడ్తదని నేను దాన్ని గిన్నెడు నీళ్లల్ల నానేసి కడిగిన. ముద్ర కరిగిపోయింది. చుక్క ముద్దయింది.

అవ్వ తిట్టలే. నేను భయపడి గా నీళ్లు పారబోయబోతే చెయ్యి పట్టుకున్నది.

"జర ఉండనియ్యి బిడ్డా," అన్నది.

పండుగ దాటినా గిన్నె పొయ్యి పక్కనే ఉన్నది. నీళ్లు ఆరిపోయి అడుగున ఉప్పు పేరుకున్నంక గూడ అవ్వ దాన్ని తోమలే.